నీడను చెరిపెయ్యకండి!

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్బీనగర్‌లో దిగి, విజయవాడ రోడ్డున ఇంకొంత ముందుకు పోతే వనస్థలిపురం దగ్గర ఒక అడవి కనిపిస్తుంది. అవును, నగరం నడుమ అడవే! ఒకప్పుడది నిజాం ప్రభువుల వేటస్థలం. మహావీరుని 2500వ నిర్వాణోత్సవానికి గుర్తుగా 1975లో మహావీర్ హరిణ వనస్థలిగా వెలసింది. 1994లో జాతీయ వనమైంది. కృష్ణజింకలూ, చుక్కల దుప్పులూ అక్కడ వున్నాయి.

మీలో కొందరు అక్కడ ఫోటోలు తీసే వుంటారు. ఇంటికొచ్చి చూస్తే ఏమైంది? ఎండ పడినచోట సున్నం కొట్టినట్టు తెలుపు, నీడలో మసి పూసినట్టు నలుపు! "కంటికి అంత బాగా కనిపించిందే, కెమేరా మోసం చేసింది" అనుకుని వుంటారు.

మోసమేమీ లేదు. చెట్లకింద ఎండ చుక్కకూ, పక్కనే వున్న చిక్కటి నీడకూ వెలుతురులో తేడా నూరు రెట్లు మించవచ్చు. మన కన్ను దృశ్యాన్నంతా ఒక్కసారే చూడదు. ఎండవైపు తిరిగితే కంటిపాప చిన్నదవుతుంది. నీడవైపు తిరిగితే పెద్దదవుతుంది. ఆ ముక్కలన్నిటినీ మెదడు కలుపుతుంది. మామూలు ఫోటోకు ఆ సదుపాయం లేదు. దృశ్యమంతటికీ ఒకే కొలత.

ఇప్పటి ఫోన్లు దీనికొక ఉపాయం చేస్తున్నాయి. చకచకా అనేక ఫోటోలు తీసి, ఎండ బాగున్న భాగాన్నీ, నీడ బాగున్న భాగాన్నీ జోడిస్తాయి. "మన కన్ను చేసేదీ అదేగా!" అని మీరు అడగవచ్చు. నిజమే. కాని కన్ను నీడను నీడగానే వుంచుతుంది. ఫోను ఒక్కోసారి నీడను మరీ వెలిగించి, అడవినంతా ఒకే పచ్చరంగు గోడ చేసేస్తుంది. నాకది నచ్చదు. ఎందుకో చెబుతాను.

చెట్లకింద పడే ఎండ చుక్కలను గమనించండి. ఆకుల సందులు ఏ ఆకారంలో వున్నా చుక్కలు చాలావరకు గుండ్రంగానే వుంటాయి. అవి సూర్యుడి బొమ్మలు! సన్నని సందు 5 మీటర్ల ఎత్తున వుండి, సూర్యుడు నడినెత్తిన వుంటే చుక్క వెడల్పు సుమారు 4.7 సెంటీమీటర్లు. గ్రహణంనాడు అవే చుక్కలు నెలవంకలవుతాయి.

ఇప్పుడు దుప్పి వంటిమీది తెల్లమచ్చలు చూడండి. ఎండ చుక్కల మధ్య అది కదలక నిలబడితే ఏది మచ్చో, ఏది ఎండో తెలియదు. పులినుంచి దాన్ని దాచేది ఆ కలగాపులగమే. నీడను చెరిపేసిన ఫోటోలో దుప్పి స్పష్టంగానే కనిపిస్తుంది. కాని దానికి మచ్చలెందుకో మాత్రం కనిపించదు. అందమైన ఫోటో మిగిలింది, విజ్ఞానం పోయింది!

కనుక ఈసారి ఇలా చేసి చూడండి. ఉదయమో, పలుచని మబ్బు పట్టినప్పుడో వెళ్లండి, తేడా తగ్గుతుంది. ఎండలోనే తీయాల్సివస్తే, ఫోను తెరమీద వెలుగుగా వున్నచోట వేలుతో తట్టి, వెలుతురు కాస్త తగ్గించండి. తెల్లబడి పోయిన వివరాన్ని మళ్లీ తెచ్చుకోలేం. నీడలోని వివరాన్ని తరువాత కొంత పైకి తీయవచ్చు. కొంతే సుమా!

ఎంత నీడ వుంచాలో ఫోనుకు వదిలెయ్యకండి. అడవిని చూసింది మీరు, నిర్ణయించవలసిందీ మీరే.