జేబులో ఫెహ్రిస్తు

పోయిన నెల చుట్టాల నికాహ్‌కి ఢిల్లీ వెళ్లాం. వలీమాకి ఒకరోజు ఖాళీ దొరికితే పిల్లల్ని పాలంలో ఉన్న ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంకి తీసుకెళ్లాను. మావాడికి పన్నెండేళ్లు, విమానాలంటే దీవానా. వాపిటీ, స్పిట్‌ఫైర్, హరికేన్... బోర్డు చదవకుండానే పేర్లు చెబుతున్నాడు. 1965 జంగ్‌లో నాట్ విమానాలు పాకిస్తాన్ సేబర్లని కూల్చిన సంగతి వాడే చెల్లెలికి వివరిస్తున్నాడు.

పక్కన ఇంకో కుటుంబం. మంచివాళ్లే. మా నలుగురికీ ఫోటో తీసిపెట్టారు. ఫోన్ తిరిగిస్తూ ఆ పెద్దమనిషి మా బేగం బురఖా వైపు చూసి, నవ్వుతూనే, "ఆప్ లోగోంకో భీ ఫఖ్ర్ హోతా హోగా" అన్నాడు.

ఆ 'భీ' ఉంది చూశారూ!

నేనేం చేశాను? ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నవాణ్ణి, ఠక్కున జేబులోంచి ఫెహ్రిస్తు తీశాను. 1948లో కశ్మీర్‌లో షహీదైన బ్రిగేడియర్ ఉస్మాన్, 1965లో పాటన్ ట్యాంకులు పేల్చిన అబ్దుల్ హమీద్, మన హైదరాబాదీ ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్... ఆయన తల ఊపాడు, పాస్ మార్కులేసిన ఉస్తాద్‌లా. మావాడు నన్నే చూస్తున్నాడు.

బయటికొచ్చాక అడిగాడు: "అబ్బా, ఆ అంకుల్‌కి అన్ని పేర్లెందుకు చెప్పావ్? ఆయన్ని మనం ఏం అడగలేదుగా?"

భాయ్, నా ఝగడా మ్యూజియంతో కాదు, ఆ పెద్దమనిషితోనూ కాదు. మన ఫెహ్రిస్తుతో. ఆగస్టు పదిహేను వచ్చిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో అవే ఫోటోలు. ఎవరికి చూపిస్తున్నాం? గ్రూపులో ఉన్నది మనమే కదా!

లతీఫ్ సాబ్ 1923లో హైదరాబాద్‌లో పుట్టారు. 1942లో వైమానిక దళంలో చేరారు. తఖ్సీమ్ వేళ ముస్లిం అఫ్సర్లకి పాకిస్తాన్ వెళ్లే దారి తెరిచే ఉంది. ఆయన వెళ్లలేదు. 1978 నుంచి 1981 దాకా వైమానిక దళాధిపతిగా పనిచేసి, 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఆయన తన ముల్క్‌లో తన పని చేసుకున్నారు. దాన్ని మనం తెచ్చి మన వఫాదారీకి జమానత్‌గా కడుతున్నాం. అది ఆయనకి ఇజ్జతా?

ఇంకో మాట. ఫెహ్రిస్తులో లేనివాళ్ల సంగతేంటి? మా అబ్బా నలభై ఏళ్లు జహీరాబాద్‌లో కుట్టుమిషన్ తొక్కాడు. ఏ ట్యాంకూ పేల్చలేదు. ఆయన హఖ్ ఎవరి ఖూన్ మీద ఆధారపడాలి?

"మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు?" అంటారు కొందరు బుజుర్గులు. చెప్పండి, ఇంట్లో పిల్లలకి తారీఖ్‌గా చెప్పండి. ఎవరో అడిగితే సబూత్‌గా కాదు. పిల్లాడు పైలట్ అవుతానంటే, ఎన్‌డీఏ నుంచి ఎయిర్‌ఫోర్స్‌కి వెళ్లాలంటే ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలని ఆ ఫోటోల పక్కన ఎవరైనా రాశారా? మా ఉర్దూ మీడియం స్కూల్లో మాకూ ఎవరూ చెప్పలేదు.

ఫెహ్రిస్తు నోరు మూయిస్తుంది కూడా. ఆ మ్యూజియంలోనే టెంపెస్ట్ విమానం ఉంది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్‌లో హైదరాబాద్ రియాసత్ మీదికి వచ్చినవి టెంపెస్ట్‌లే. షోలాపూర్ సడక్ మీద ఫౌజ్ వస్తుంటే మా దాదీమా పిల్లల్నేసుకుని జొన్నచేలో దాక్కుంది. హవాయీ జహాజ్ చప్పుడు పోయాక కూడా లేవలేదట. తర్వాత ఎన్ని వేలమంది చనిపోయారో సుందర్‌లాల్ కమిటీ రాసింది. అంతకుముందు రజాకార్లు ఊళ్లమీద చేసిన జుల్మ్ కూడా దాదీమాయే చెప్పేది, ఏదీ దాచేది కాదు. మరి నేను? ఆ విమానం ముందు మావాణ్ణి నిలబెట్టి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ పెద్దమనిషి ఇంకా పక్కనే ఉన్నాడని!

లతీఫ్ సాబ్ మనవాడే, జొన్నచేలో పడుకున్న దాదీమా కూడా మనదే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అంతా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు:

"అబ్బా, చేలో పాములు లేవా?"