బూజుపైకి దాత కణాలు

బోన్‌మ్యారో మార్పిడి చేయించుకున్న మనిషికి కొత్త మూలుగ కుదురుకునేదాకా గాలిలో తేలే ఆస్పర్‌జిల్లస్ బూజు కూడా ప్రాణాంతకమే. పోనీ మందు వాడదామంటే ఆంఫోటెరిసిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. 2021లో బ్లాక్ ఫంగస్ రోజుల్లో ఆ ఇంజెక్షన్ కోసమే మనవాళ్లు ఎన్ని గడపలు తొక్కారో మరిచిపోలేం. అందుకే ఇటలీలో పెరూజా వైద్యులు 2005లో వెల్లడించిన ప్రయోగం నాకు ఎంతో విలువైనదనిపిస్తుంది. మూలుగ ఇచ్చిన దాత రక్తంలోని టీ కణాలకు, అంటే రోగంతో పోరాడే కణాలకు, చంపిన బూజును చూపించారు. గుర్తుపట్టినవాటినే పెంచారు, రోగి ఒంటిమీదే తిరగబడేవాటిని ఏరి పారేశారు, మిగిలినవి ఎక్కించారు. బూజు సోకిన 10 మందిలో 9 మందికి నయమైంది. చిన్న ప్రయోగమే, కాదనను. కానీ ఇన్నేళ్లయినా ఇది మామూలు వైద్యం కాకపోవడం అన్యాయం. రోగులు తక్కువ, ఒక్కొక్కరికీ విడిగా తయారుచేయాలి, ఇక కంపెనీలు ఎందుకు ముందుకొస్తాయి? మన దగ్గర బాంబే ఐఐటీ, టాటా మెమోరియల్ ఆసుపత్రి రూపుదిద్దిన కార్-టీ క్యాన్సర్ చికిత్సకు 2023లో అనుమతి వచ్చింది. అదీ టీ కణాలను బయట పెంచి ఎక్కించేదే. కణాలను పెంచే నేర్పు మనకుంది. ఆ చేతులకే ఈ పని కూడా అప్పగించి, ఖర్చు ప్రభుత్వమే భరించాలి.