ఆకాశం నీళ్లను తూకమేస్తుంది.. ఊరి లెక్క ఎవరు రాయాలె?

మా చిన్నాయిన నాలుగో బోరు ఏసినప్పుడు నేను పక్కనే ఉన్న. ఒకాయిన అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని చెలకంత తిరిగిండు. కాయ లేచి నిలబడ్డ కాడ గుర్తు పెట్టిండు. మూడు వందల యాభై ఫీట్లు దించినా దుబ్బ లేసింది తప్ప చుక్క నీరు రాలే. బండి కిరాయికి చిన్నమ్మ పుస్తెలతాడు కుదువకు పోయింది. ఆ రోజు సంది నాకు ఒకటే ప్రశ్న: భూమిల నీళ్లు ఎన్ని ఉన్నయో లెక్క చూసే తొవ్వే లేదా?

ఉంది. కాకపోతే అది మన నెత్తి మీద, దగ్గర దగ్గర 500 కిలోమీటర్ల ఎత్తుల తిరుగుతుంది.

2002 మార్చి 17న అమెరికా, జర్మనీ కలిసి గ్రేస్ అనే జంట ఉపగ్రహాలను పంపినయి. ఒకదాని ఎనుక ఒకటి, నడుమ 220 కిలోమీటర్ల దూరం. నీళ్లకు బరువుంటది, బరువున్న ప్రతిదానికి గుంజే గుణం ఉంటది. కింద బరువు ఎక్కువున్న జాగ రాంగనే ముందున్నది జర జల్ది గుంజబడ్తది, దూరం పెరుగుతది. ఎనుకది అదే జాగకు వచ్చినంక మళ్ల తగ్గుతది. ఆ తేడా వెంట్రుక మందంల పదో వంతు లేకున్నా అవి పట్టుకుంటయి. గట్ల నెల నెలా భూమి గురుత్వం పటం తయారైతది. గుట్టలు నెలకోసారి మారవు, నీళ్లు మారుతయి. పటంల మార్పు వచ్చిందంటే ఎక్కువ భాగం నీళ్ల లెక్కే.

అయితే ఒక చిక్కు ఉంది. అంత ఎత్తుల గూడ పల్చటి గాలి ఉంటది, అది ఉపగ్రహానికి బ్రేకు ఏస్తది. ఎండ గూడ నూకుతది. ఆ తేడాను నీళ్ల తేడా అనుకుంటే లెక్క తప్పుతది. గందుకే లోపల యాక్సెలరోమీటర్ అనే డబ్బా పెట్టిన్రు. దాంట్ల చిన్న లోహపు ముక్క దేనికీ తాకకుంట తేలుతది. భూమి గుంజుడు ఉపగ్రహానికి, ముక్కకు సమానమే. గాలి మాత్రం బయటి ఉపగ్రహానికే తాకుతది. బస్సు బ్రేకు కొడితే మనం ముందుకు తూలినట్టు, ముక్క నడిమి నుంచి జరుగవోతది. కరెంటు బలంతోని దాన్ని నడుమనే ఆపుతరు. ఎంత బలం పట్టిందో అంత గాలి తగిలినట్టు. అది తీసేస్తే మిగిలేది భూమి అసలు గుంజుడు.

ఈ తరాజు మన దేశం గురించి ఏం చెప్పింది? పంజాబ్, హర్యానా, రాజస్థాన్, ఢిల్లీ కింద 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబర్ దాకా 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం తగ్గిందని నాసా సైంటిస్టులు 2009ల నేచర్ పత్రికల రాసిన్రు. మన భాషల చెప్పాలంటే దాదాపు 3,850 టీఎంసీలు. నిండిన నాగార్జునసాగర్‌ల ఇప్పుడు పట్టేది 312 టీఎంసీలు. అంటే ఆరేండ్లల పన్నెండు సాగర్లు ఖాళీ. అప్పుడు కరువు గూడ లేదు, వానలు మామూలుగనే పడ్డయి.

ఇగ ఈ అంకె పట్టుకొని రైతునే దొంగను చేసేటోళ్లు ఉంటరు. పంజాబ్ రైతు వరి ఊకెనే పెట్టలే. దేశం కడుపు నింపాలె అని సర్కారే మద్దతు ధరకు కొన్నది, మోటర్లకు ఉచిత కరెంటు ఇచ్చింది. అదే 2009ల పంజాబ్ చట్టం తెచ్చి, జూన్ 10 కంటే ముందు నాటు పెట్టొద్దన్నది. నాటు ఆలస్యమైతే కోత గూడ ఆలస్యమే. రైతు చలికాలం ముంగట గడ్డి కాలబెట్టుడుకు అదొక కారణమైంది. వేరే పంటకు ధర గ్యారంటీ చెయ్యకుంట తేదీ మారిస్తే సమస్య జాగ మారింది గని పోలే. మన కాడ గూడ వరి, బోరు, ఉచిత కరెంటు ముచ్చట ఇదే తొవ్వల నడుస్తుంది.

మరి ఈ ఉపగ్రహం మా చిన్నాయిన చెలకను చూస్తదా? చూడదు. దానికి కనిపించేది అడ్డం పొడుగు మూడు నాలుగు వందల కిలోమీటర్ల ముక్క. తెలంగాణ మొత్తం దానికి ఒక్క చుక్క.

2018 మే 22న పంపిన రెండో జంటల ఒక యాక్సెలరోమీటర్ కొద్ది రోజులకే సరిగ పనిచెయ్యకుంట అయ్యింది. రెండో ఉపగ్రహం లెక్కనే దీనికి గూడ సరిజేసి వాడుతున్నరు. ముందుది పోయిన బాటల్నే ఎనుకది అర నిమిషంల వస్తది, గాలి ఒక్కటే, అందుకే నడుస్తది. మన గట్టి రాయి నేలల ఆ ఉపాయం నడువదు. ఇక్కడ నీళ్లుండేది రాతి పగుళ్లల్ల. ఒడ్డుకు ఇవుతల బోరు పోస్తే అవుతల బోరు ఎండుతది. పక్కోని లెక్క మనకు పనికిరాదు, ఎక్కడిదక్కడ కొలవాల్సిందే.

ఇది కానిపని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల అనంతపురం నుంచి మహబూబ్‌నగర్, నల్లగొండ దాకా ఏడు జిల్లాల్ల రైతులే బోర్ల నీటిమట్టం, వాన కొలిచి, యాసంగి ముంగట ఊరంత కూసొని పంటల నీటి బడ్జెట్ ఏసుకున్నరు. పెద్దగ సదువుకోనోళ్లు గూడ ఆ లెక్కలు రాసిన్రు. ప్రాజెక్టు అయిపోయింది, పద్ధతి మాత్రం మన కాడ్నే పుట్టింది.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, ఉపగ్రహం లెక్క నెట్‌ల ఉచితంగ దొరుకుతది, చూడున్రి. దాంతోపాటు మీ ఊర్ల మోటరు లేని పాత బోరు ఒకటి పట్టుకోన్రి. టేపుకు బరువు కట్టి నెలకోసారి అదే తారీఖున కొలిచి పంచాయతీ గోడ మీద రాయున్రి. భూగర్భ జల శాఖ పరిశీలన బోర్ల అంకెలు గ్రామసభల సదవమని అడుగున్రి. వరి వద్దని చెప్పే ఆఫీసరు వస్తే ఆ గోడ చూపెట్టి, వేరే పంటకు ఏం ధర ఇస్తరో అడుగున్రి. చేతిల లెక్క లేకుంటే ఆ మాట గట్టిగ అడుగలేం.