మొదటి జీతం దాకా తోడెవరు?

రంజాన్ నెల వచ్చిందంటే యతీంఖానాల రసీదు పుస్తకాలు మన గడపల్లోకి వస్తాయి. ఉన్నవారు వేలల్లో, లేనివారు పదుల్లో ఎంతో కొంత ఇచ్చుకుంటారు. తండ్రి లేని బిడ్డ తల నిమిరితే ఎంత పుణ్యమో మన ఇళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పనవసరం లేదు. కాగా, ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండి, పెట్టె సర్దుకుని యతీంఖానా గేటు దాటిన మరునాడు ఎక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు అని అడిగేవారు మాత్రం చాలా తక్కువ. ఈ వారం ఆ ప్రశ్ననే పాఠకుల ముందు ఉంచదలిచాము.

పని లేదని అనడానికి వీల్లేదు. తిరుపతి జిల్లాలో సత్యవేడు, వరదయ్యపాళెం, తడ ప్రాంతాలను కలుపుకొని 2008లో మొదలైన శ్రీసిటీ నేడు రాయలసీమ యువతకు పెద్ద ఆశ. చెన్నైకి సుమారు 55 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పారిశ్రామిక వాడలో ఇసుజు వాహనాలు, ఆల్‌స్టామ్ మెట్రో రైలు పెట్టెలు, కోబెల్కో తవ్వకం యంత్రాలు, డైకిన్ ఏసీలు, మోండెలెజ్ చాక్లెట్లు తయారవుతున్నాయి. పదో తరగతి, ఇంటరు, ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలకు ఇలాంటి చోట్ల పని దొరికే వీలుంది. చిత్తూరు, మదనపల్లె, రాయచోటి, కడప వైపు నుంచి మన పిల్లలు కూడా అటు చూస్తున్నారు.

అయితే పని దొరకడం వేరు, పనిలో నిలవడం వేరు. ఒకటో తేదీన చేరిన కుర్రాడికి నెలంతా పనిచేశాక, మరుసటి నెల మొదటి వారంలో గాని జీతం చేతికి రాదు. అంటే దాదాపు నలభై రోజులు. ఈ నలభై రోజుల్లో ఖర్చులు మాత్రం మొదటి రోజు నుంచే మొదలవుతాయి. తడలోనో, సూళ్లూరుపేటలోనో, సరిహద్దు దాటి ఆరంబాక్కంలోనో గదికి అడ్వాన్సు కట్టాలి. మెస్సుకు ముందే డబ్బు ఇవ్వాలి. పరుపు, బకెట్టు, రెండు జతల బట్టలు, బూట్లు కావాలి. సర్టిఫికెట్ల నకళ్లు, ఫోటోలు, బస్సు ఛార్జీలు, ఫోను రీచార్జి, ఇవన్నీ చిన్న ఖర్చులే. కాని చేతిలో పైసా లేనివాడికి చిన్న ఖర్చు అంటూ ఏదీ ఉండదు.

ఇల్లున్న పిల్లవాడికి ఈ నలభై రోజులు తండ్రి జేబులోంచి, అమ్మ చెవి కమ్మల్లోంచి, మేనమామ చేతిలోంచి గడిచిపోతాయి. యతీంఖానా నుంచి వచ్చినవాడికి ఈ మూడూ లేవు. గది ఇచ్చే యజమాని 'మీ పెద్దవాళ్లెవరు?' అని అడిగితే చెప్పడానికి ఒక పేరైనా ఉండదు. అప్పుడతను ఫోనులో అప్పిచ్చే యాప్‌లకో, మనుషుల్ని సరఫరా చేసే మేస్త్రీ అడ్వాన్సుకో లొంగిపోతాడు. జీతం వచ్చేలోపే అది వడ్డీకి సరిపోతుంది. లేదంటే ఫ్యాక్టరీ వదిలేసి, ఏ పూటకు ఆ పూట అన్నం, ఏ రోజుకు ఆ రోజు కూలీ దొరికే హోటలుకో, మెకానిక్ షెడ్డుకో చేరిపోతాడు. మనం 'కుదురులేని కుర్రాడు' అనేసి ఊరుకుంటాం. అతనికి లేనిది కుదురు కాదు, నలభై రోజుల తిండి ఖర్చు!

ఈ విషయంలో మనకు మార్గం వెతుక్కోవలసిన అగత్యం లేదు. ఒక అన్సారీ వ్యక్తి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి యాచించిన వృత్తాంతం అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. అతని ఇంట్లో ఉన్నవల్లా ఒక దుప్పటి, ఒక నీళ్ల పాత్ర. ప్రవక్త (స) వాటిని వేలం వేస్తే రెండు దిర్హములు వచ్చాయి. ఒక దిర్హముతో ఇంటివారికి తిండి కొనమన్నారు, రెండవదానితో గొడ్డలి తెప్పించారు. దానికి తమ చేతులతోనే పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, పదిహేను రోజులదాకా కనిపించవద్దని పంపారు. గడువు తీరాక అతను పది దిర్హములు సంపాదించి వచ్చాడు.

ఈ ఉదంతంలో అందరం గొడ్డలినే గుర్తుపెట్టుకుంటాం. మొదటి దిర్హము తిండికి వెళ్లిందన్న సంగతి మరచిపోతాం. ప్రవక్త (స) ఆ మనిషికి పనిముట్టు ఇచ్చి ఖాళీ కడుపుతో అడవికి పంపలేదు. పిడి బిగించి ఇచ్చారు, గడువు పెట్టారు, తిరిగి వచ్చాక బాగోగులు చూశారు. మన యతీంఖానాలు పిల్లలకు చదువు అనే గొడ్డలిని ఇస్తున్నాయి. ఆ మొదటి దిర్హమే మన లెక్కల్లో లేకుండా పోయింది.

ప్రవక్త (స) స్వయంగా యతీంగా పెరిగినవారు. పుట్టకముందే తండ్రిని, ఆరేళ్లకు తల్లిని, ఎనిమిదేళ్లకు తాతను కోల్పోయి, తండ్రి సోదరుడు అబూతాలిబ్ పోషణలో పెద్దయ్యారు. యువకుడైన ఆయనను నమ్మి హజ్రత్ ఖదీజా (రజి) తమ వర్తక సరుకును అప్పగించి సిరియాకు పంపారు. పెరిగి పెద్దయిన యతీంకు కావలసింది జాలి కాదు, నమ్మకంతో కూడిన పెట్టుబడి అని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం ఏముంటుంది?

ఇక్కడ కొందరు ఒక సందేహం లేవనెత్తుతారు. యుక్తవయస్సు రాగానే షరీఅత్ దృష్టిలో యతీం అనే పేరు తొలగిపోతుంది కదా, మరి సహాయం దేనికి అంటారు. పేరు తొలగిన మాట నిజమే, పేదరికం తొలగలేదే! జకాత్ పొందే ఎనిమిది వర్గాలను తెలిపే అత్‌తౌబా సూరాలో మొట్టమొదట వచ్చేది ఫకీర్లు, మిస్కీన్లు. నిసాబ్ దరిదాపుల్లో లేని ఈ కుర్రాడు వారిలో ఒకడే. అన్‌నిసా సూరా ఆరవ ఆయత్ సంరక్షకులకు మరో బాధ్యత పెట్టింది. యతీంలు పెద్దవారయ్యేదాకా వారిని పరీక్షిస్తూ ఉండాలి, వివేకం వచ్చిందని కనుగొన్నాక వారి సొమ్మును సాక్షుల ముందు వారికి అప్పగించాలి. నేటి యతీంలలో ఎక్కువమందికి అప్పగించడానికి సొమ్ము ఉండదు. డబ్బు వాడకం నేర్పి పరీక్షించే బాధ్యత మాత్రం అలాగే ఉంది. పదేళ్లపాటు దస్తర్‌ఖాన్ మీద వడ్డించింది తిన్న బిడ్డకు బియ్యం ధర ఎలా తెలుస్తుంది?

ప్రభుత్వం వైపు చూస్తే, జువెనైల్ జస్టిస్ చట్టం (2015) 46వ సెక్షన్ సంరక్షణ గృహం నుంచి 18 ఏళ్లకు బయటికి వచ్చేవారికి ఆర్థిక సహాయం ఇవ్వవచ్చని చెబుతోంది. ఈ తదుపరి సంరక్షణ 21 ఏళ్లదాకా అందించవచ్చు. మిషన్ వాత్సల్య పథకం 2022 మార్గదర్శకాల్లో ఇందుకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించారు. అయితే ఇది దానంతట అది వచ్చి ఒళ్లో పడేది కాదు, జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని అడగాలి. అడగాలంటే ఆ బిడ్డ పేరు లెక్కల్లో ఉండాలి. అదే చట్టం 41వ సెక్షన్ ప్రకారం పిల్లలను ఉంచుకునే సంస్థలన్నీ రిజిస్టరు కావాలి. రిజిస్టరు కాని యతీంఖానాలో పెరిగిన బిడ్డకు ఈ సహాయం అందడం కష్టమన్న సంగతిని నిర్వాహకులు గుర్తించాలి. కాగితాల శ్రమకు వెనుదీస్తే నష్టపోయేది ఆ బిడ్డే.

ఇంగ్లాండులో ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన యువకులు అప్రెంటిస్‌గా చేరితే ప్రత్యేకంగా ఒక మొత్తం ఇస్తారు. 2018లో వెయ్యి పౌండ్లుగా ఉన్న దానిని 2023 ఆగస్టు నుంచి మూడు వేలకు పెంచారు. జీతం మొదలయ్యే చోటే ఇలాంటివారికి ఇబ్బంది ఎక్కువని వారు గ్రహించారు. జకాత్ వంటి గొప్ప వ్యవస్థ చేతిలో ఉన్న మనం ఈపాటికే గ్రహించి ఉండవలసింది.

కనుక జమాత్ పెద్దలకు, ముతవల్లీలకు, యతీంఖానా నిర్వాహకులకు మా విజ్ఞప్తి ఇది. మొదటిది, పిల్లలు గేటు దాటకముందే వారి పేరిట బ్యాంకు ఖాతా తెరిపించండి. జన్‌ధన్ ఖాతాకు కనీస నిల్వ అక్కర్లేదు. చివరి ఏడాది ప్రతి నెలా కొంత సొమ్ము చేతికిచ్చి లెక్క రాయించండి. రెండవది, ప్రతి బైతుల్‌మాల్‌లో 'మొదటి జీతం నిధి' అని ఒక పద్దు పెట్టండి. ఒక కుర్రాడికి ఈ నలభై రోజులకు పది, పదిహేను వేలు అవుతాయనుకుందాం. ఒక వలీమా విందులో ఒక వంటకం తగ్గిస్తే ఆ సొమ్ము మిగులుతుంది. జకాత్ సొమ్మయితే అతని సొంతం చేసి ఇవ్వాలి, తిరిగి అడగరాదు. సదఖా, చందాల సొమ్మయితే ఖర్జె హసనాగా (వడ్డీలేని అప్పుగా) ఇచ్చి, స్థిరపడ్డాక వాయిదాల్లో తీసుకోవచ్చు. ఆ సొమ్ము ఇంకొక కుర్రాడికి పనికొస్తుంది. వివరాలకు స్థానిక ఉలమాను సంప్రదించండి. మూడవది, తడ, సూళ్లూరుపేట, సత్యవేడు ప్రాంతాల సోదరులకు. మీ ఊరికి కొత్తగా వచ్చిన బిడ్డ గది అడిగినప్పుడు జామీను నిలబడి ఒక మాట చెప్పండి. దీనికి మీకు రూపాయి ఖర్చు కాదు.

ఆడబిడ్డల సంగతి విడిగా చెప్పాలి. శ్రీసిటీలో మహిళలు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. యతీం ఆడపిల్లకు 18 నిండగానే నికాహ్ కోసం చందాలు వసూలు చేసే మనం, ఆమె పని చేసి నిలబడతానంటే మంచి హాస్టలుకు ఒక నెల డబ్బు కట్టడానికి ముందుకు రావడం లేదు. నికాహ్ జరిపించడం పుణ్యకార్యమే. కాని గత్యంతరం లేక ఒప్పుకున్న పెళ్లికీ, తన కాళ్ల మీద నిలబడి ఇష్టపడి చేసుకున్న పెళ్లికీ ఎంతో తేడా ఉంది. ఆ ఎంపిక ఆమె చేతిలో ఉండాలంటే ఆ నలభై రోజుల సహాయం ఆమెకూ అందాలి.

పద్దెనిమిదేళ్లు అన్నం పెట్టి, నలభై రోజులకు చెయ్యి వదిలేస్తే పెంచిన శ్రమంతా ఎవరి పాలవుతుంది? రాబోయే రంజాన్‌లో రసీదు పుస్తకం మీ గడపకు వచ్చినప్పుడు తప్పక ఇవ్వండి. ఇచ్చాక, ఈ ఏడాది ఎంతమంది పిల్లలు బయటికి వెళ్లారు, వారిప్పుడు ఎక్కడున్నారు అని కూడా అడగండి. తమ చేతులతో గొడ్డలికి పిడి బిగించి ఇచ్చిన ప్రవక్త (స) బాటలో నడిచే సౌభాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.