పారాసోమ్నియా: మొదటి రెండు వారాలు నేను తప్పుగా విన్నాను

డ్రీమ్ థియేటర్ కొత్త ఆల్బమ్ 'పారాసోమ్నియా' 2025 ఫిబ్రవరి 7న వచ్చింది. ఆ సాయంత్రమే ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఎలా ఉందిరా అని అడిగారు. "బాగుంది, కానీ పాత సరుకే" అని ఒక్క లైన్ పడేశా. తర్వాత రెండు వారాలు ఆఫీసుకి వెళ్తూ వస్తూ, జిమ్‌లో, కోడ్ బిల్డ్ అయ్యేలోపు, దొరికిన పది నిమిషాలకల్లా ఒక్కో పాట విన్నా. నా అభిప్రాయం మారలేదు. ఇప్పుడు మారింది. ఎందుకు మారిందో చెప్పాలంటే ఆల్బమ్ గురించి ఎంత చెప్పాలో, నా ఫోన్ సెట్టింగ్స్ గురించి కూడా అంతే చెప్పాలి. గాడ్జెట్ సైట్‌లో మెటల్ ఆల్బమ్ గోల ఏంటని అడిగేవాళ్లకి అదే నా సమాధానం.

ముందు కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రోగ్రెసివ్ మెటల్ అంటే హెవీ మెటల్ బరువు ఉంటుంది, కానీ పాట పల్లవి-చరణం లెక్కలో నడవదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు ఉంటుంది. నాలుగు లెక్కకి తల ఊపుతుంటే సడెన్‌గా ఏడుకి మారుతుంది, తర్వాత అయిదుకి. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది కొత్తేం కాదు, మిశ్ర చాపు ఏడే కదా. మనలాంటి వాళ్లు మాత్రం మొదటిసారి మెట్టు ఉందనుకుని గాల్లో కాలు పెట్టినట్టు ఫీలవుతారు. ఆ పడబోయి నిలదొక్కుకునే ఫీలింగ్‌కి అలవాటు పడితే ఇక వదలదు.

ఈ జానర్‌కి డ్రీమ్ థియేటర్ పెద్దన్న. గిటారిస్ట్ జాన్ పెట్రూచీ, బాసిస్ట్ జాన్ మ్యూంగ్, డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నోయ్, ముగ్గురూ బోస్టన్‌లోని బర్క్లీ మ్యూజిక్ కాలేజీలో చదువుతూ 1985లో మొదలుపెట్టిన బ్యాండ్. 2010లో పోర్ట్‌నోయ్ బయటికి వెళ్లిపోయాడు. ఏడుగురు డ్రమ్మర్లకి ఆడిషన్ పెట్టి మైక్ మాంజినీని తీసుకున్నారు. ఆయన అయిదు ఆల్బమ్‌లు వాయించాడు. 2023 అక్టోబర్‌లో పోర్ట్‌నోయ్ తిరిగొచ్చాడు. అంటే 2009 నాటి 'బ్లాక్ క్లౌడ్స్ అండ్ సిల్వర్ లైనింగ్స్' తర్వాత ఆయన ఉన్న మొదటి ఆల్బమ్ ఇదే. ఫ్యాన్స్ ఎంత ఊగిపోయారో చెప్పక్కర్లేదు. 2024 అక్టోబర్‌లో మొదటి సింగిల్ 'నైట్ టెర్రర్' వచ్చిన రోజు నేనూ స్టాండప్ మీటింగ్‌లో మ్యూట్‌లో ఉండి అదే విన్నా.

సరే, ఆల్బమ్‌లోకి వద్దాం. పారాసోమ్నియా అంటే నిద్రలో జరిగే అసహజ విషయాలన్నిటికీ కలిపి డాక్టర్లు వాడే మాట. నిద్రలో నడవడం, కేకలు వేస్తూ లేవడం, మెలకువ వచ్చినా కాలూ చెయ్యీ కదలకపోవడం. మొత్తం ఎనిమిది ట్రాక్‌లు, 71 నిమిషాలు, అన్నీ దీని చుట్టూనే. కథ ఒక్కటే కాదు, విషయం ఒక్కటే. యుద్ధం నుంచి తిరిగొచ్చి నిద్ర పట్టని సైనికుడు 'ఎ బ్రోకెన్ మ్యాన్'లో ఉంటాడు. కలలో దొంగతో పోరాడుతున్నా అనుకుని పక్కనున్న మనిషి ప్రాణం తీసినవాడు 'డెడ్ అస్లీప్'లో. చివరి పాట 'ది షాడో మ్యాన్ ఇన్సిడెంట్' స్లీప్ పెరాలిసిస్ మీద, 19 నిమిషాల 32 సెకన్లు. మనకి కల వచ్చే దశలో శరీరం కదలకుండా మెదడు కండరాలకి ఒక రకంగా తాళం వేస్తుంది. మెలకువ ముందు వచ్చి తాళం ఆలస్యంగా తీస్తే ఈ అనుభవం. గదిలో ఎవరో నీడలా నిలబడ్డట్టు చాలామందికి కనిపిస్తుంది. మా అమ్మమ్మ దీన్ని "దయ్యం గుండెల మీద కూచుంది" అనేది. ఆ మాటే ఈ పాటకి సరైన సబ్‌టైటిల్.

ఇప్పుడు నా తప్పు. మొదటి ట్రాక్ 'ఇన్ ది ఆర్మ్స్ ఆఫ్ మార్ఫియస్' మాటల్లేని మ్యూజిక్, అయిదు నిమిషాలపైనే. నిద్రకి సిద్ధమయ్యే గది శబ్దాలతో నెమ్మదిగా మొదలవుతుంది. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద ఇది ఎవడు వింటాడు? నేను స్కిప్ కొట్టా. ఆల్బమ్‌లో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే మెయిన్ ట్యూన్ అందులోనే పరిచయం అవుతుంది. అది వినకపోతే తర్వాతి పాటల్లో ఆ ట్యూన్ వేరే వేషంలో వచ్చినప్పుడు గుర్తుపట్టలేం. సినిమా ఇంటర్వెల్ తర్వాత హాల్లోకి వచ్చి "వీడెవడు?" అని పక్కవాణ్ణి అడిగినట్టు విన్నాను నేను.

ఆరో ట్రాక్ 'ఆర్ వి డ్రీమింగ్?' ఒక నిమిషం 28 సెకన్లే. గుసగుసలు, కోరస్‌లాంటి గొంతులు, అంతే. షఫుల్‌లో వేరే బ్యాండ్ రెండు పాటల మధ్య వస్తే ఫోన్‌కేదో అయిందనిపిస్తుంది. అసలు చోట, 'మిడ్‌నైట్ మెసయ్యా' రచ్చ తర్వాత 'బెండ్ ది క్లాక్' ముందు వస్తే, అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదులుతాం. దీనికి తోడు నా యాప్‌లో క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంది, ఎప్పుడో న్యూ ఇయర్ పార్టీకి పెట్టి మర్చిపోయింది. ప్రతి పాట చివరి సెకన్ల మీద తర్వాతి పాట వచ్చి పడుతోంది. నిశ్శబ్దంతో అతుకులేసుకున్న ఆల్బమ్‌ని నేను ఆ అతుకులు చింపి విన్నాను. మీరూ ఇలాంటివి వినేవాళ్లయితే ఒకసారి చూసుకోండి: క్రాస్‌ఫేడ్ ఆఫ్, గ్యాప్‌లెస్ ఆన్, షఫుల్ ఆఫ్, ఆటోప్లే కూడా ఆఫ్. చివరి పాట అయ్యాక రెండు సెకన్లు కూడా ఆగకుండా వేరేవాడెవడో వచ్చి అరిస్తే ఆ 71 నిమిషాలూ వేస్ట్.

మూడో వారం నాకు ఆన్-కాల్ పడింది. ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే రాత్రి ఎప్పుడైనా ఫోన్ మోగుతుంది, లేవాలి. ఒక రాత్రి రెండున్నరకి అలర్ట్ వచ్చింది, మూడింపావుకల్లా సమస్య సర్దుకుంది. నిద్ర మాత్రం పోయింది. చీకట్లో పడుకుని ఆల్బమ్ మొదటి నుంచి పెట్టా, మధ్యలో ఒక్కసారి కూడా ఫోన్ ముట్టుకోలేదు. 'నైట్ టెర్రర్' అప్పటికి ఇరవైసార్లు విని ఉంటా. ఆ రాత్రి మొదటిసారి భయమేసింది. కొత్త పాటేం కాదు. దాని ముందు ఉండాల్సిన అయిదు నిమిషాలు ఈసారి ఉన్నాయి, అంతే. 'షాడో మ్యాన్' అయ్యేసరికి కిటికీ తెల్లబడుతోంది. పక్క రూమ్మేట్ డోర్ తీస్తే నిజంగానే ఉలిక్కిపడ్డా. వాడికి ఇప్పటికీ ఎందుకో తెలీదు.

అయినా పాత సరుకే అన్న మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ప్రోగ్రెసివ్ అనే పేరు పెట్టుకుని ఇంత సేఫ్‌గా ఆడటం నాకు కొంచెం చివుక్కుమంటుంది. 'మిడ్‌నైట్ మెసయ్యా' మాటలు పోర్ట్‌నోయ్ రాశాడు, పాత పాటల ప్రస్తావనలు నిండా చల్లాడు. ఫ్యాన్‌గా ఒక్కోటి దొరికినప్పుడు నవ్వొస్తుంది. అయిదోసారికి ఆ నవ్వు రాదు. రీయూనియన్ సినిమాల్లో హీరో పాత డైలాగ్ కొడితే విజిల్ వేస్తాం, ఇంటికొచ్చాక కథేంటని ఆలోచిస్తే గుర్తురాదు, ఇదీ అలాంటిదే. జేమ్స్ లాబ్రీకి ఈ ఆల్బమ్ నాటికి 61 ఏళ్లు. ఆ గొంతుకి తగ్గట్టు ట్యూన్లు కిందికి దించి కట్టడం మంచి పని, 'బెండ్ ది క్లాక్'లో అది చాలా బాగా పనిచేసింది. కొన్నిచోట్ల మాత్రం గొంతు మీద ప్రాసెసింగ్ మరీ తెలిసిపోతోంది.

నాకు అసలు మండే విషయం ఇంకోటుంది. ఆల్బమ్ వచ్చినప్పటి నుంచి ఎక్కడ చూసినా ఒకటే మాట: "అబ్బ, ఇన్నేళ్లకి డ్రమ్స్‌కి ప్రాణం వచ్చింది, మాంజినీ రోబో." దీన్ని గాడ్జెట్ రివ్యూ పద్ధతిలో చూద్దాం. రెండు ఫోన్ల కెమెరాలు పోల్చాలంటే ఒకే సీన్, ఒకే వెలుతురు ఉండాలి కదా. ఇక్కడ ఆ అదృష్టం దొరికింది. మాంజినీ చివరి ఆల్బమ్ 2021 నాటి 'ఎ వ్యూ ఫ్రమ్ ది టాప్ ఆఫ్ ది వరల్డ్', ఇప్పటి 'పారాసోమ్నియా', రెండూ న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని బ్యాండ్ సొంత స్టూడియోలో రికార్డ్ చేసినవే. రెండింటికీ ప్రొడ్యూసర్ పెట్రూచీ, రెండింటినీ మిక్స్ చేసింది ఆండీ స్నీప్. పొడవు కూడా ఇంచుమించు ఒకటే. మారిన ముఖ్యమైన భాగం డ్రమ్మర్.

వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేసి, రెండూ ఒకే స్థాయిలో పెట్టి, వైర్ ఉన్న ఇయర్‌ఫోన్స్‌తో విన్నా. ఈ స్టెప్ వదిలేయకండి. ఒకటి కాస్త గట్టిగా వినిపిస్తే చెవి దాన్నే మంచిది అనేస్తుంది, షోరూమ్‌లో బ్రైట్‌నెస్ పెంచిన టీవీ బాగున్నట్టు. అలా వింటే నాకు తెలిసిందేంటంటే, మాంజినీ రోబో కాదు. 2021లో ఆయన డ్రమ్స్ చక్కగా, నిండుగా వినిపిస్తాయి. జనం గుర్తు పెట్టుకుని తిట్టేది 2013 ఆల్బమ్‌లోని ఆ డొల్ల స్నేర్ సౌండ్‌ని, 2011లో గిటార్ల వెనక దాక్కున్న డ్రమ్స్‌ని. వాయించేవాడు చేసిన తప్పు కాదది, రికార్డింగ్, మిక్సింగ్ దగ్గర తీసుకున్న నిర్ణయం. సెన్సర్ బాగున్నా సాఫ్ట్‌వేర్ ప్రాసెసింగ్ చెడగొడితే మనం సెన్సర్‌ని తిడతామా? తిడతాం లెండి, కామెంట్లలో రోజూ చూస్తున్నాంగా.

ఇంకోటి, బ్యాండ్ చరిత్రలో మొదటి గ్రామీ 2022లో వచ్చింది, 'ది ఏలియన్' పాటకి. అందులో డ్రమ్స్ మాంజినీవి. సంబరాల మధ్య ఇది ఎవరికీ గుర్తులేదు.

మరి తేడా లేదా? ఉంది. మాంజినీ లెక్క తప్పడు. లెక్క ఎంత కష్టమైతే అంత హాయిగా వాయిస్తాడు. పోర్ట్‌నోయ్ ముందు పాట వింటాడు, లాబ్రీ పాడుతుంటే తగ్గుతాడు, లైన్ అయిపోగానే చిన్న ఫిల్ వేసి తర్వాతి భాగానికి దారి చూపిస్తాడు. 'డెడ్ అస్లీప్' 11 నిమిషాల్లో ఇది బాగా వినిపిస్తుంది. బరువైన రిఫ్ కింద ఆయన ఎన్నిసార్లు ఊరుకున్నాడో గమనించండి. నాకు ఆయన కొట్టిన దెబ్బలకన్నా కొట్టకుండా వదిలేసినవే నచ్చాయి. పాత రోజుల్లో పెట్రూచీతో కలిసి ప్రొడ్యూసర్‌గా కూడా ఉండేవాడు, ఈసారి ఆ కుర్చీ పెట్రూచీ ఒక్కడిదే. పోర్ట్‌నోయ్ డ్రమ్స్ వెనకే కూచున్నాడు. నా లెక్కలో ఆల్బమ్‌కి అదే మేలు చేసింది.

ఇయర్‌బడ్స్ సంగతి అడుగుతారని తెలుసు. బ్లూటూత్‌లో ఎల్‌డ్యాక్ కోడెక్ గరిష్ఠంగా సెకనుకి 990 కిలోబిట్లు పంపుతుంది, సీడీ క్వాలిటీకి 1,411 కావాలి. ఈ తేడా మీరు పట్టుకోగలరా అంటే, నేనైతే బస్సులో పట్టుకోలేను. నాకు స్పష్టంగా తెలిసిన తేడా వేరే. నా రెండు వేల రూపాయల బడ్స్‌లో బాస్ అంతా ఒక ముద్ద. జాన్ మ్యూంగ్ అసలు వాయిస్తున్నాడా అని డౌటొస్తుంది. ఆయనకి ముందే ఇంటర్వ్యూల్లో మాట్లాడని మనిషిగా పేరు, మిక్స్‌లోనూ అంతే. వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌లో 'ఎ బ్రోకెన్ మ్యాన్' పెడితే గిటార్ కింద వేరే దారిలో నడుస్తున్న బాస్ దొరికింది. మీ దగ్గర మంచి బడ్స్ లేకపోతే ఈక్వలైజర్‌లో బాస్ బూస్ట్ తీసేయండి చాలు, సగం సమస్య పోతుంది. నాయిస్ క్యాన్సలేషన్ మాత్రం ఇంట్లో రాత్రి పూట వద్దు. ఫ్యాన్ చప్పుడు కూడా లేని చీకట్లో 'షాడో మ్యాన్' విన్నాక నాకు బాత్రూమ్‌కి వెళ్లడానికి పది నిమిషాలు పట్టింది.

గ్రూప్‌లో మొన్న మళ్లీ అడిగారు, ఏ పాటతో మొదలుపెట్టాలిరా అని. ఆల్బమ్ లింకే పంపా. "71 నిమిషాలా? వీకెండ్ చూస్తాలే" అన్నాడు ఒకడు. అదే వీడు నిన్న రాత్రి రెండింటిదాకా రీల్స్ ఫార్వర్డ్ చేస్తూనే ఉన్నాడు.