పాత ఆయిలింజనులను తూకమునకు అమ్ముట

గిడ్డంగిలో చోటు చాలకపోయినప్పుడెల్ల అందరి కన్నును మొట్టమొదట పడునది మూలనున్న పాత ఆయిలింజను మీదనే. తుప్పుపట్టినది, త్రోవకడ్డము, తూకమునకు అమ్మినచో సంఘమునకు నాలుగు రూపాయలు వచ్చునని ఒక సభ్యుడనును, తక్కినవారు తలయూపుదురు, తీర్మానము వ్రాయబడును. ఆ తీర్మానమునకు ముందు చేయవలసిన పని యొకటి కలదనియు, అది చేయక అమ్ముట తగదనియు మా అభిప్రాయము.

కలిదిండి, కైకలూరు ప్రాంతములు పల్లపు భూములు. కొల్లేటిలో చేరిన నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రమునకు పోవులోపల చేలు మునుగుట మన రైతులకు క్రొత్త సంగతి కాదు. పూర్వము ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా నిలిచి గూడవేసి నీరు తోడెడివారు. ఆయిలింజను వచ్చిన పిదప ఆ శ్రమ చాల వఱకు తప్పినది. వడ్ల మరలను త్రిప్పినదియు, తరువాతి కాలమున చేపల చెఱువులకు నీరెత్తినదియు అదియే. విద్యుత్తు మోటారులు వచ్చి దానిని మూలకు నెట్టినవి. ఇది సహజమే, మోటారును విడిచి మరల ఇంజనును త్రిప్పుడని మేము చెప్పబోము.

కాని దాని వయస్సెంత, ఎక్కడ పుట్టినది, మన యూరికి ఎప్పుడు వచ్చినది అని అడిగినచో చెప్పగలవారు తగ్గిపోవుచున్నారు. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుడు యుద్ధమున మడిసిన ముగ్గురు చోళ సేనానుల పేర కలిదిండియందు మూడు శివాలయములు కట్టించెనని మనకు తెలిసినది రాగిరేకుల మీద చెక్కియుండుటచేతనే. ఇంజనునకును అట్టి శాసనమొకటి కలదు. అది దాని ప్రక్కను బిగించిన ఇత్తడి రేకు. ఇత్తడికి ఇనుముకన్న ఎక్కువ ధర పలుకును గనుక పాత సామానువాడు మొదట ఊడదీయునదియు దానినే. రేకు పోయిన ఇంజను శాసనము లేని గుడి వంటిది.

ఆ రేకును చదువుట కష్టము కాదు. ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణమున లిస్టరు కంపెనీవారు 1930 ప్రాంతమునుండి చేసిన ఒంటి సిలిండరు డీజిలింజనులలో 5 అశ్వబలము గలది నిమిషమునకు 600 చుట్లును, 6 అశ్వబలము గలది 650 చుట్లును తిరుగును. ఈ అంకెలు రేకుమీదనే యుండును. రేకుమీద లిస్టరు, పెట్టరు అను రెండు పేర్లును కలిసియున్నచో ఆ యింజను 1986కు పూర్వపుది కాజాలదు. ఆ రెండు కంపెనీలు ఒకటియైనది ఆ యేటనే. రస్టను, హార్న్స్‌బీ కంపెనీలు కలిసినది 1918లో; హార్న్స్‌బీ పేరు మాత్రమే యున్న ఇంజను అంతకు పూర్వపుదని తలపవచ్చును. పూనా దగ్గరి ఖడ్కీలో కిర్లోస్కరువారి ఆయిలింజనుల కంపెనీ ఏర్పడినది 1946లో. రాజకోటలో లిస్టరును పోలిన ఇంజనులు విస్తారముగా చేయబడినవి. కావున ఆకారమును చూచి కాక, పోతలోని అక్షరములను చూచి నిర్ణయింపవలెను.

ఇంజనును అమ్మిన వర్తకుని రేకు మరియొకటి యుండును. దానిమీద మద్రాసు రాష్ట్రమని యున్నదా, 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమని యున్నదా, 1956 నాటి ఆంధ్రప్రదేశ్ అని యున్నదా చూడుడు. ఆరంకెల పిన్‌కోడు ఉన్నచో ఆ రేకు 1972 ఆగస్టుకు తరువాతిది. అయితే ఇంజను పుట్టిన సంవత్సరము వేరు, అది మన యూరు చేరిన సంవత్సరము వేరు. చేయి మారి వచ్చిన ఇంజనులు కొల్లలు.

ఈ రెండవ సంవత్సరమును చెప్పగలిగినది సంఘపు దస్తరమే. ఎవరికి ఎంత అప్పు ఇయ్యబడినది, ఏ ఇంజను కొనుటకు, హామీదారులెవరు, ఎన్ని వాయిదాలలో తీరినది అను సంగతులు అప్పుల పద్దులందును తీర్మానముల పుస్తకములందును ఉండును. ఏ వస్తుప్రదర్శనశాలకును లేని సంపద ఇది. కాని దీనికిప్పుడు ముప్పు వచ్చినది. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరునకు ఎక్కించు పథకమును భారత ప్రభుత్వము 2022 జూనులో ఆమోదించినది. పథకము మంచిదే. అయినను కంప్యూటరునకు కావలసినది నేటి నిలువ. నలువది యేండ్ల క్రిందట తీరిపోయిన అప్పుతో దానికి పని లేదు. లెక్క ఎక్కినదను ధైర్యముతో పాత పుస్తకములను కాగితముల బేరగానికి ఇచ్చినచో, ఇంజను తుక్కులోనికిని దాని జాతకము పొట్లములలోనికిని పోవును. ఈ రెంటిని ఒకే సంవత్సరమున పోగొట్టుకొనుట మనకు మర్యాద కాదు.

ఇక బాగుచేయుట. అత్యుత్సాహమే ఇందు పెద్ద శత్రువు. ఇత్తడి రేకును ఇంటి చెంబువలె చింతపండుతోను బూడిదతోను తోమరాదు, అక్షరములు అరిగిపోవును. మెత్తని గుడ్డను కొంచెము నూనెతో తడిపి తుడిచిన చాలును. తళతళలాడు క్రొత్త రంగు వేయుటకు ముందు జిడ్డు క్రింద పాత రంగు మిగిలియున్నదేమో గీకి చూడవలెను. పట్టుకొనిపోయిన పిస్టనును సమ్మెటతో కొట్టినచో పగులును. కిరసనాయిలును ఇంజనునూనెయు కలిపి పోసి, దినములకొలది నాననిచ్చి, ఫ్లైవీలును చేతితో కొంచెము కొంచెముగా ముందునకు వెనుకకు కదల్పవలెను. ఓర్పుగల మేస్త్రీకే ఈ పని అప్పగింపుడు. పాత ఇంగ్లీషు బోల్టుల మరలు అంగుళపు లెక్కవి. నేటి మిల్లీమీటరు స్పానరు వానికి సరిపడక తలలు అరుగగొట్టును. మన ప్రాంతపు నీటిలో ఉప్పు హెచ్చు గనుక సిలిండరు చుట్టునుండు నీటిగదిలో పెచ్చు కట్టియుండును. దానిని తీయక నడపినచో ఇంజను కాగి చెడును. నడపి చూపిన దినమున నీటిని పూర్తిగా దింపివేయవలెను. పంచె చెరగు, కండువా కట్టుకొని తిరుగుచున్న బెల్టు దగ్గఱకు ఎవరును పోరాదు. పిల్లలను అసలే పోనీయరాదు.

తినుటకు లేనివానికి ఈ వేడుక యెందుకని అడుగువారుందురు. అప్పులలోనున్న సంఘము పాత ఇనుమును కాచుకొని కూర్చుండవలెనా యను ప్రశ్న న్యాయమైనదే. ప్రతి ఇంజనును దాచుడని మేము కోరుట లేదు. ఒక్కొక్క తరహాకు ఒకటి, రేకుతో నున్నది, ఆ ప్రాంతమున ఏదో యొక సంఘమునందు నిలిచిన చాలును, తక్కినవానిని అమ్ముకొనవచ్చును. ఇంగ్లండులో పచ్చిక కత్తిరించు యంత్రములకే సౌత్‌పోర్టు పట్టణమున ఒక ప్రదర్శనశాల కలదు. ఆ యంత్రమునకు 1830లో పేటెంటు పొందిన బడ్డింగు, బట్టల మిల్లులో నూగు కత్తిరించు యంత్రమును చూచి ఆ యూహ తెచ్చుకొనెనట. మన పచ్చికను గేదెలే కత్తిరించును గనుక మనకా యంత్రముతో పని పడలేదు! వినోదమునకు పచ్చిక కోసిన యంత్రమునకు వారు ఇల్లు కట్టగా, మునిగిన చేలనుండి నీరు తోడి పంటను నిలిపిన యంత్రమునకు గిడ్డంగిలో మూల చాలదనుట ఎట్లు?

1903లో లక్ష్మణరావు కిర్లోస్కరు ఇనుప నాగలిని చేసినప్పుడు ఇనుము తగిలిన నేల విషమగునని రైతులు భయపడిరనియు, మొదటి నాగలి అమ్ముడుపోవుటకు రెండేండ్లు పట్టెననియు చెప్పుదురు. మన యూళ్లలో ఇంజను మొదట చప్పుడుచేసిన దినమున మన పెద్దలేమనిరో ఇంకను జ్ఞాపకమున్నవారు కొందరు గలరు. వారినిప్పుడే అడుగవలెను.

కావున రాబోవు మహాజనసభకు ముందుగా ప్రతి సంఘపు కార్యదర్శియు గిడ్డంగిలోని యంత్రముల రేకులను చదివి, కంపెనీ పేరు, నంబరు, అశ్వబలము, చుట్లు, వర్తకుని పేరు, ఎవరి చేలో నడచినది అను వివరములను ఒక పుస్తకమున వ్రాయవలెనని కోరుచున్నాము. రేకు ఊడియున్నచో దానిని ఇనుప పెట్టెలో భద్రపరచి, ఏ ఇంజనుదో చీటీ కట్టవలెను. అప్పుల పద్దులో ఆ ఇంజను కనబడిన పుట సంఖ్యను ఎదుట వేయవలెను. అంతవరకు వేలపు ప్రకటన ఆపియుంచినచో ఇనుము ఎక్కడికిని పోదు.