కెమెరా ఇక్కడే.. పెద్ద కొలువు ఎక్కడ?

తిరుపతి: ఏర్పేడు మండలం వికృతమాలలోని ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయంలో 2022 జూన్ 23న నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి మూడు కర్మాగారాలను ప్రారంభించారు. వాటిలో సన్నీ ఓపోటెక్ ఒకటి. సెల్‌ఫోన్ కెమెరా మాడ్యూళ్ల తయారీ దాని పని. కెమెరా ఇంజినీరు కొలువు జిల్లా యువత ముంగిటికే వచ్చినట్లు కనిపించినా, జీతం లెక్కకు వచ్చేసరికి పరిస్థితి వేరు.

కెమెరాకు ప్రాణమైన సెన్సర్ చిప్పును సోనీ, శాంసంగ్, ఆమ్నివిజన్ వంటి విదేశీ సంస్థలు రూపొందిస్తాయి. మాడ్యూల్ కర్మాగారంలో చేసేది ఆ చిప్పును బోర్డుపై అతికించడం, వెంట్రుకకన్నా సన్నని తీగలతో కలపడం, దానిపై లెన్సును గురి తప్పకుండా నిలపడం, ఆపై పరీక్షించడం. ధూళి రేణువు పడినా ఫొటోలో మచ్చ తేలుతుంది. అందుకే ఒళ్లంతా కప్పే దుస్తులతో క్లీన్‌రూంలో పనిచేయాలి. నేర్పు కావలసిన పనే. అయితే యంత్రం నడిపేవారికి, లోపం ఎక్కడుందో తేల్చేవారికి నడుమ జీతంలో అంతరం ఎక్కువ. ఏ పరిశ్రమలోనైనా అప్రెంటిస్‌గా చేరేవారికి 2019లో సవరించిన కేంద్ర నిబంధనలు నిర్ణయించిన కనీస భృతి డిప్లొమా వారికి నెలకు రూ.8 వేలు, పట్టభద్రులకు రూ.9 వేలు. ఆ లెక్కన బీటెక్ చదివినందుకు అదనంగా దక్కింది వెయ్యి రూపాయలన్నమాట!

మంచి జీతాలిచ్చే కెమెరా ఇంజినీరింగ్ వేరే ఉంది. సెన్సర్ పంపిన ముడి సంకేతాలను చిత్రంగా మలిచే సాఫ్ట్‌వేర్ రాయడం, చర్మపు ఛాయ సహజంగా వచ్చేలా, చీకటిలోనూ బొమ్మ తేటగా ఉండేలా సరిచూడటం అందులోని పని. ఈ కొలువులు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరులలోనే. వన్‌ప్లస్ 2019లో హైదరాబాద్‌లో తెరిచిన పరిశోధన కేంద్రంలో కెమెరా ప్రయోగశాలనూ నెలకొల్పింది. సి++, గణితం, కాంతిశాస్త్రం మూడింటిపై పట్టున్నవారికి కార్లు, వైద్య పరికరాలు, నిఘా కెమెరాల సంస్థల్లోనూ గిరాకీ ఉంది. ఫోన్ల వ్యాపారం తగ్గినా వారికి దారి మూసుకుపోదు. లైనులో ఒకే యంత్రానికి అలవాటుపడినవారికి ఆ వెసులుబాటు లేదు.

ఐఐటీ తిరుపతి ప్రాంగణం ఉన్నదీ ఏర్పేడు మండలంలోనే. అయినా కర్మాగారంలోని డిప్లొమా కుర్రవాడు పని మానకుండా పై చదువు చదివి ఆ రెండో రకం కొలువుకు చేరే బాట మాత్రం స్పష్టంగా లేదు. విడిభాగాల తయారీకి కేంద్రం 2025 మార్చిలో ఆమోదించిన రూ.22,919 కోట్ల పథకంలో కెమెరా మాడ్యూళ్లకూ చోటుంది. దాని అండతో జిల్లాకు మరో కర్మాగారం వస్తే, ఎన్ని ఉద్యోగాలన్నదానితో పాటు పరీక్ష, డిజైన్ విభాగాల్లో స్థానికులకు ఎన్ని అన్నదీ భూమి కేటాయించే ముందే అధికారులు అడిగి రాయించుకోవాలి.